వెనక్కి తిప్పిన పావుగంట

ఏమయ్యా, నిన్నే. ఆ ఫోను కాస్త బోర్లా పెట్టి ఇటు చూడు. టైమెంతయిందని ఎవరైనా అడిగితే ఆకాశం వంక చూసి ఎన్నేళ్ళయింది నువ్వు? జేబు తడుముకుంటావు, వేలు ఆనిస్తావు, అది ఎంతంటే అంత అంటావు. దానికెవరు చెప్పారో, ఆ చెప్పినవాడికి ఎవరు చెప్పారో ఏనాడైనా కనుక్కున్నావా? లేదు. అలాంటివాడివి బుడే సంగతి విని నవ్వుతానంటే నేనొప్పుకోను. నవ్వదలిస్తే చివర్లో నవ్వు, అదీ కాస్త సిగ్గుపడి నవ్వు.

బుడే ఎవరంటావా? చిలకలూరిపేట దాటాక హైవే పక్కనున్న పత్తి జిన్నింగు మిల్లులో కాటా గది మనిషి. లారీ వచ్చి ఇనప పలక మీద నిలబడితే కంప్యూటర్లో బరువు చూసి చీటీ కొట్టి ఇవ్వడం అతని పని. చీటీ చేతికిచ్చేలోపు ఆ డ్రైవర్ని ఏదో ఒకటని ఏడిపించడం అతని బతుకు. రంజాను నెల, పొద్దు వాలిపోతోంది, తెల్లారకముందు తాగిన నీళ్ళ తడి గొంతులో ఎప్పుడో ఇంకిపోయింది, కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని బుడే ఎదురుగా ఉన్న ఆఫీసు గది అద్దం వైపు చూస్తున్నాడు, చూస్తూ తనలో తను నవ్వుకుంటున్నాడు, నవ్వితే ఎండిన పెదవి చిట్లి మంట పుడుతోంది, ఆ మంట కూడా హాయిగానే ఉంది. ఉండరా గఫూరూ, ఉండు. నల్ల కాగితం అంటించిన ఆ అద్దం వెనక ఏసీలో కూర్చుని ఉన్నావుగా, లైటు వెలుగుతూనే ఉందిగా, కదలబాక. ఇంకాసేపట్లో ఈ వరండాలో గంట మోగుద్ది, అందరూ ఖర్జూరం నోట్లో వేసుకుంటారు, నీళ్ళు తాగుతారు, మిరపకాయ బజ్జీ కొరుకుతారు, నువ్వు మాత్రం నీ కంప్యూటర్ మొహం చూసుకుంటూ ఖర్జూరం చేత్తో పట్టుకుని ఇంకా టైం కాలేదు, ఇంకా టైం కాలేదు అనుకుంటూ కూర్చుంటావు. పావుగంట. నేను తిప్పిన పావుగంట. మేమంతా తిని మూతి తుడుచుకుని వచ్చి తలుపు తీస్తాం. అప్పుడు చూస్తా నీ మొహం.

సాయంత్రం నమాజుకని వాడు కుళాయి దగ్గరికి వెళ్ళిన కాసేపట్లోనే పని అయిపోయింది. కంప్యూటరు తెరిచే ఉంది. కింద మూలన ఉన్న టైం మీద బాణం పెట్టడం, కుడి వేలు నొక్కడం, వెనక్కి జరపడం, అంతే. చేతిలో మౌసు మాత్రం ఎలకలాగే రెండు సార్లు జారింది. బయటికొచ్చేసరికి కాటా మీద ఖాళీ లారీ హారన్ కొడుతోంది, లోడుతో లోపలికెళ్ళిన లారీయే, దించి తిరిగొచ్చింది. చీటీ కొడితే లోపలికి వెళ్ళిన టైమూ బయటికొచ్చిన టైమూ దాదాపు ఒకటే పడ్డాయి, ఇంత తొందరగా ఎట్టా దించారబ్బా అనుకున్నాడు, నోరెండిపోయి ఉన్నారు గదా, ఇంటికి పోవాలని తొందర, అనుకున్నాడు, డ్రైవర్ని చూసి ‘నీ బండికి బ్రేకుల్లేవని మావాళ్ళు భయపడి దించేసినట్టున్నారు’ అన్నాడు. డ్రైవరు నవ్వాడు. ఎవరో ఒకరు నవ్వాలి. బుడే మాట్లాడితే ఎవరో ఒకరు నవ్వాలి, ఎన్నేళ్ళ నుంచీ ఈ మిల్లులో అదే పద్ధతి, ఆ పద్ధతి తిరగబడింది ఒక్కసారే, ఒక్కసారే.

ఆ ఒక్కసారిని తలుచుకుంటే ఆకలి కూడా చచ్చిపోతుంది. అంతకుముందు వరకూ ఈ మిల్లులో ఇఫ్తారు గంట బుడేది. షెడ్డు దూలానికి రైలుపట్టా ముక్క ఒకటి వేలాడుతుండేది. పొద్దు వాలే వేళకి బుడే దూది బేళ్ళ మీదికెక్కేవాడు, గింజల గోడౌను పైనుంచి పడమర చూసేవాడు, మసీదువాళ్ళిచ్చిన టైముల కార్డు ఒకసారి చూసేవాడు, దిగొచ్చి ఇనప కమ్మీ చేతిలోకి తీసుకునేవాడు. అప్పుడుండేది మజా. వరండాలో చాపల మీద అంతమంది, మగవాళ్ళో వైపు, ఆడవాళ్ళో వైపు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఖర్జూరం, అన్ని కళ్ళూ బుడే చేతి మీద. అతను కమ్మీ ఎత్తేవాడు, ఎత్తి చెవి గోక్కునేవాడు. ‘చంపుతున్నావు గదరా, కొట్టరా బాబూ!’ అని ముసలి ఖాజాబీ అరిచేది. మళ్ళీ ఎత్తేవాడు, తుమ్ము వచ్చినట్టు నటించేవాడు, తిట్లు, నవ్వులు, ఆ నవ్వుల మధ్యలో ఠంగుమని ఒక్క దెబ్బ. ఆ దెబ్బతో అందరి గొంతులోకీ నీళ్ళు దిగేవి. రాజుగారు కూడా అంత పని చేయలేరు అనుకునేవాడు బుడే. వాళ్ళ నాన్న దూదేకే విల్లు భుజాన వేసుకుని పర్చూరు నుంచి అద్దంకి దాకా ఊరూరా తిరిగినవాడు, ఎవరింటి అరుగు మీదో పరుపు దూది ఏకుతూ విల్లు నీడ చూసి పొద్దెంతయిందో చెప్పేవాడు. ఆ కన్ను తనకి వచ్చింది. చదువు రాలేదు, ఐదో క్లాసులో పంతులు గారి కుర్చీలో పత్తికాయ ముళ్ళు పెట్టాక చదువు తనని వదిలేసింది, కానీ ఆ కన్ను వచ్చింది.

అట్టాంటి కన్ను మీద వీడు తెర వేశాడు. గఫూరు. తన పెళ్ళాం జైతున్‌బీ తమ్ముడు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని పేట తిరనాళ్ళకి తీసుకెళ్ళిన బావమరిది, ముక్కు తుడిచి సైకిలు నేర్పిన బావమరిది, డిగ్రీ చదివి కంప్యూటర్లు నేర్చి ఇదే మిల్లులో ఉద్యోగానికొచ్చిన బావమరిది. మొదటి రోజు బుడే ఊరుకుంటాడా? ‘లారీ తూకం వేసేటప్పుడు గదిలో ఎవరూ ఊపిరి పీల్చకూడదురా, కాటాకి తేడా వస్తది’ అన్నాడు. పిచ్చివాడు బుగ్గలు ఉబ్బించి బిగబట్టాడు, మొహం ఎర్ర మిరపకాయైపోయింది, డ్రైవర్లు పొట్టలు పట్టుకున్నారు. అది మనసులో పెట్టుకున్నాడు కాబోలు. పోయిన రంజానుకి ముందు కాటా గదిలో ఒకటి, గేటు దగ్గర ఒకటి, బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర ఒకటి, ఆఫీసులో ఒకటి, ఉన్న కంప్యూటర్లన్నిటినీ నీలం తీగలతో కలిపేశాడు, గోడ మీద పచ్చ లైట్లు మిణుకుమిణుకుమనే పెట్టె ఒకటి బిగించాడు, వరండాలో మైకు పెట్టాడు. ఇఫ్తారు నిమిషానికి గంట దానంతటదే మోగుద్దన్నాడు. ఎవరూ కొట్టక్కర్లేదన్నాడు. ఓనరు శివపార్వతి గారు మెచ్చుకున్నారు. అందరూ మెచ్చుకున్నారు. ‘మరి మా బుడేనో?’ అని ఎవరో అడిగితే అప్పుడన్నాడు, ఇదే వరండాలో, అందరి ముందూ: ‘మా బావ గడియారం ఆయన పొట్టలో ఉంటదండీ. ఆకలెక్కువైన రోజు పొద్దు కూడా తొందరగా గూకుద్ది.’

నవ్వారు. అంతమందీ నవ్వారు. శివపార్వతి గారు చీర కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. ఖాజాబీ, తను అత్తా అత్తా అని పిలిచే ఖాజాబీ, పళ్ళు లేని నోరు తెరిచి నవ్వింది. ఇంటికెళ్ళి చెప్పుకుంటే జైతున్‌బీ ‘బాగానే అన్నాడు గదా!’ అని రొట్టె తిప్పుతూ నవ్వింది. బుడే కూడా నవ్వాడు, నవ్వక చస్తాడా, కానీ ఆ నవ్వు కడుపులోకి దిగి అక్కడ పుండయింది. ఎవరి నవ్వైనా సరే, తను పుట్టించాలి. తన మీద పుట్టకూడదు. ఆ మర్నాడే పట్టా ముక్కని దూలం నుంచి దించేశారు. దించి ఏం చేశారు? కాటా మీద లారీ జారకుండా చక్రం కింద అడ్డు పెడుతున్నారు. రోజూ కిటికీలోంచి కనిపిస్తుంది. లోడు లారీ చక్రం వచ్చి దాని మీద ఆగిన ప్రతిసారీ బుడేకి తన వీపు మీద ఆగినట్టే ఉంటుంది.

ఏడాది నమిలాడు. ఏం చెయ్యాలి వీణ్ణి? టీలో ఉప్పు వేస్తే చిన్నపిల్లల ఆట. కుర్చీకి జిగురు రాస్తే ప్యాంటు పోద్ది, పగ పోదు. గంటని ముందే మోగించేస్తే? వీడు ఖర్జూరం మింగాక ‘ఒరేయ్, పొద్దు ఇంకా గూకలేదురా’ అంటే? ఆ ఆలోచన వచ్చిన రోజు బుడేకి ఒళ్ళంతా తియ్యగా అయింది, ఆ వెంటనే భయం వేసింది. అమ్మో. ఒకడి రోజా ఉపవాసం చెడగొట్టడం ఆట కాదు. నాన్న విల్లు దించి మరీ కొట్టేవాడు అట్టాంటి మాటంటే. మరి ఆలస్యం చేయిస్తే? ఆలస్యం చేయిస్తే రోజాకి ఏమీ కాదు, ఇంకాస్త గట్టిపడుద్ది కూడా, ఆకలి ఒక్కటే వాడిది, నవ్వు మొత్తం మనది. పాపం లేని పగ! ఇట్టాంటిది ఎవడికి తడుతుంది, బుడేకి తప్ప? తట్టిన రోజు పక్కమీదే కూర్చుని చప్పట్లు కొట్టబోయి జైతున్‌బీ లేస్తుందని ఆగాడు. ఇక గడియారం సంగతి. అది వాడే చెప్పాడు, నోరు జారి కాదు, గొప్ప కోసం. ‘ఒక్కో కంప్యూటరు గడియారం ఒక్కోరకంగా నడుస్తది బావా. ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. అందుకని అన్నీ ఒకదాన్నే అడుగుతుంటాయి, పెద్దన్నా పెద్దన్నా టైమెంతా అని. అదెంతంటే మిగతావి అంతకి సర్దుకుంటాయి’ అన్నాడు. తర్వాత ఇంకా ఏదో చెప్పాడు గానీ బుడే వినలేదు, ఆ టైంలో వాడి చొక్కా వెనక దూది తోక ఒకటి అంటించే పనిలో ఉన్నాడు. పెద్దన్న ఏదో అడగాల్సిన పనేముంది, కనిపిస్తూనే ఉంది, గోడ మీద ఆ పచ్చ లైట్ల పెట్టె. తీగలన్నీ దాంట్లోకే పోతున్నాయి. మీటరు బాక్సు నుంచి కరెంటు వచ్చినట్టు దాన్నించి టైం వస్తుంది. దాని జోలికి పోలేదు బుడే. గఫూరుది ఒక్కటే తిప్పాడు.

గింజ తీసే జిన్ను మిషన్లు గుయ్యిమంటున్నాయి. ఆ మోతలో ఊళ్ళో మసీదు మైకు ఏనాడూ వినపడదు. ఫోన్లూ, బీడీలూ, అగ్గిపెట్టెలూ గేటు దగ్గర కోటేష్‌కి అప్పజెప్పి రావాలి, దూదికి ఒక్క రవ్వ చాలు. బెల్టుల్లో చిక్కుకుంటాయని చేతి గడియారాలు కూడా అక్కడే. ఇక లోపల టైమంటే కంప్యూటర్ మూలన ఉన్న ఆ నాలుగు అంకెలే. బుడే వాటిని చూశాడు. మళ్ళీ ఆఫీసు అద్దం చూశాడు. మళ్ళీ అంకెలు. కదలవేంట్రా మీరు? ఇందాక చూసినప్పుడూ ఇంతే ఉన్నాయి. ఆకలైనప్పుడు టైం కదలదు, పగ ఉన్నప్పుడు అసలు కదలదు, రెండూ కలిస్తే ఇట్టాగే పత్తి బస్తాలాగా కూలబడుద్ది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నూగు. కనురెప్పల మీద నూగు, పెదాల మీద నూగు, ఈ గాలంతా నమలకుండా మింగే దూది. వరండాలో చాపలు పరిచారు. పళ్ళేల్లో ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, కాగితం మీద బజ్జీలు, వాటి నుంచి నూనె వాసన. జైతున్‌బీ ఈపాటికి ఇంట్లో గంజి కలుపుతుంటది, అల్లం దంచి వేస్తది, పైన కొత్తిమీర, ఎవరైనా తెచ్చిస్తే బాగుండు, ఎవరు తెస్తారు, తమ్ముడికైతే పరుగున పంపేది. గఫూరూ, ఏం చేస్తున్నావురా లోపల? నీకూ కదలట్లేదా టైం? నీకు అసలే కదలదు, నీది నేను కట్టేశాగా. మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కూర్చుని ఉంటావు, నువ్వు చిన్నప్పుడు ఆకలేస్తే అట్టాగే కూర్చునేవాడివి, మీ అక్క అన్నం కలిపి ముద్ద పెట్టేది, నేనూ పెట్టా ఒకసారి, మధ్యలో కాకరకాయ ముక్క దాచి. ఉమ్మేశావు. ఆ రోజు కూడా నవ్వారు అందరూ. అది గదా నవ్వంటే.

గోడౌను గోడ నీడ కాటా దాటి, రోడ్డు దాటి, ఎప్పుడో కలిసిపోయింది. వరండాలో ముందు ట్యూబులైటు వేశారు, తర్వాత యార్డులో పెద్ద లైటు వేశారు. కొంగలు బారు కట్టి చెరుకుతోటల వైపు వెళ్ళిపోయాయి. బుడే అన్నీ చూశాడు. కన్ను చూసింది, చూసి లోపల ఏదో చెప్పబోయింది, బుడే వినలేదు, మబ్బు పట్టిందేమో అనుకున్నాడు, మిరప కల్లాల దుమ్ము లేచి పడమరంతా కమ్మేసిందేమో అనుకున్నాడు. ఖాజాబీ కిటికీ దగ్గరికి వచ్చింది. షెడ్డు ఊడ్చే ముసలామె, షుగరు మనిషి, వద్దురా అన్నా రోజా ఉంటుంది. ఒక చేతిలో ఖర్జూరం, ఇంకో చేతిలో నీళ్ళ గ్లాసు.

“ఒరేయ్ బుడే, పొద్దు గూకినట్టుంది గదరా. గంట మోగదేంది?”

“ఇంకా కాలేదత్తా. కంప్యూటర్లో చూస్తానే ఉన్నా.”

“నాకు కళ్ళు తిరుగుతున్నాయిరా. చీకటి పడ్డట్టుంది, నువ్వోసారి బేళ్ళెక్కి చూడరాదూ?”

“నీకు షుగరత్తా, అన్నీ చీకటిగానే ఉంటాయి. కంప్యూటరు కంటే నీకెక్కువ తెలుసా? పో, కూర్చో. ఇవాళ ఒక తమాషా చూపిస్తా.”

అన్నాడు. అన్నాక ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. కంప్యూటరు కంటే నీకెక్కువ తెలుసా. పోయినేడు తను బేళ్ళెక్కబోతే గఫూరు అన్నది ఇదే గదా, ఇదే విరుపు, ఇదే మెడ తిప్పడం. ఛీ. వాడి మాట నా నోట్లోకి ఎట్టా వచ్చింది? పోనీలే, ఈ ఒక్క రోజుకి. పెద్దన్న పెట్టె చెప్పే టైం ఇవాళ నా వైపు ఉంది. ముసలామె వెళ్ళి గోడకి చేరగిలపడింది. గ్లాసు కింద పెట్టలేదు. మిగతావాళ్ళు గుసగుసలాడుతున్నారు, ఒకడు లేచి నిలబడి ఆకాశం చూశాడు, చూసి కాటా గది వైపు చూశాడు, బుడే వేలెత్తి ఆగు అన్నాడు, వాడు కూర్చున్నాడు. అబ్బ! అందరి కళ్ళూ తన చేతి మీద. ఎన్నాళ్ళయింది! కడుపులో పుండు మీద వెన్న రాసినట్టుంది. ఇప్పుడిక గంట మోగడం, వీళ్ళు తినడం, నేను తలుపు తియ్యడం, గఫూరు గుటకలు మింగడం, శివపార్వతి గారిక్కూడా చెప్తా, కోటేష్ పేటంతా చెప్తాడు, బస్టాండు దాకా పోవాలి ఈ కబురు, పెళ్ళి చూపులకి పోయినా వాడికంటే ముందే చేరాలి, ఈయనేనంట పొద్దు గూకినా తెలీని కంప్యూటరు పిల్లోడు అని, ఆ పిల్ల కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాలి.

మోటార్ సైకిలు చప్పుడు. లైటు గేటు దాటి వరండా దాకా వచ్చి ఆగింది. దిగినవాడి చేతిలో స్టీలు క్యాను. బుడే చూశాడు. ఆఫీసు అద్దం చూశాడు, లైటు వెలుగుతూనే ఉంది. మళ్ళీ దిగినవాణ్ణి చూశాడు.

గఫూరు వరండా అంతా కలియజూశాడు. ముట్టని పళ్ళేలు, చల్లారిన బజ్జీలు, పట్టుకున్న ఖర్జూరాలు.

“ఏంది, ఎవరూ తినలేదేంది ఇంకా?”

“గంట మోగలా” అంది ఖాజాబీ.

“మోగకపోవడమేంది! మసీదులో అజానయ్యి ఎంతసేపయింది. నేను దారిలో అక్కడే రోజా విడిచి వస్తున్నా. తినండి, ముందు తినండి! అత్తా, నువ్వు నీళ్ళు తాగు ముందు.”

అంతమందీ ఒక్కసారే నోట్లో వేసుకున్నారు. ఖాజాబీ గ్లాసు ఎత్తి ఆపకుండా తాగింది, సగం మెడ మీద పోసుకుంది. గఫూరు క్యాను పట్టుకుని కాటా గదిలోకి వచ్చాడు.

“అక్క గేటుకి ఫోన్ చేసిందంట బావా, నీ కోసం గంజి కలిపా, తీసుకుపొమ్మని. నమాజు కాగానే అటునుంచి అటే వెళ్ళా. నువ్వు తినేసుంటావనుకున్నా.”

“నువ్వు… లోపల లేవా?”

“ఎక్కడా?”

“లైటు?”

“ఆర్పడం మర్చిపోయా.” గఫూరు వంగి బుడే కంప్యూటర్ మూల చూశాడు, గేటు దగ్గర ఇవ్వడం మరిచిన ఫోను జేబులోంచి తీసి పక్కన పెట్టి చూశాడు. “ఇదేంది, పావుగంట వెనక ఉంది! అంటే నా కంప్యూటర్ని ఎవరో కెలికారు.”

“నీదొక్కటేగా తిప్పింది!” అంది బుడే నోరు. బుడే కాదు, నోరు. మూసుకునేలోపే అనేసింది.

కిటికీ అవతల నమలడం ఆగిపోయింది.

“నాదొక్కటే ఎట్టా అవుద్ది బావా? అన్నీ నాదాన్నే గదా అడిగేది. నాది తిప్పితే మిల్లు మొత్తం తిరుగుద్ది.”

“మరి ఆ పచ్చ లైట్ల పెట్టె?”

“అది తీగలు కలిపేది. దానికి టైమేం తెలుసు?”

ఎవరో ఫుర్రుమన్నారు, పుచ్చకాయ గింజ ఎగిరి కిటికీ ఊచకి తగిలింది. బుడే తలెత్తలేదు. ఇంత పగ, ఇంత నమిలిన పగ, గంటసేపు ఒక ఖాళీ కుర్చీ మీద కూర్చోబెట్టి చూసుకున్నాడు. గఫూరు కోపం తెచ్చుకుంటాడేమోనని ఆశపడ్డాడు, తిడితే బాగుండు, తిడితే మళ్ళీ మొదలెట్టొచ్చు. వాడు క్యాను మూత తీసి గంజి గ్లాసులో పోసి, ఖర్జూరం ఒకటి తీసి బావ చేతిలో పెట్టాడు.

“తిను బావా. నోరు పిడచగట్టుకుపోయింది.”

బుడే ఖర్జూరం పెదాల దాకా తెచ్చాడు. బయట చీకటి దిగింది, కిటికీలో చుక్కలు ఒక్కటొక్కటే పొడుస్తున్నాయి. కన్ను వాటి మీదికి పోలేదు. తిన్నగా వెళ్ళి కంప్యూటర్ మూలన ఆగింది. చెయ్యి ఆగిపోయింది.

“ఇంకా టైం కాలేదు గదరా” అన్నాడు.

అప్పుడు పగిలింది వరండా. ఖాజాబీ నీళ్ళు పొలమారి దగ్గుతూ నవ్వింది, గఫూరు గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు, జిన్నుల మోత కూడా వినపడనంతగా నవ్వారు. ఆ గోలకి గేటు దగ్గర్నుంచి కోటేష్ గొంతు చించుకుని అరిచాడు:

“ఏందయ్యా ఆ నవ్వులు? బుడే బాబాయ్ ఇవాళ ఎవర్ని బకరా చేశాడు?”

బుడే ఖర్జూరం మింగాడు, గింజ చేతిలోకి ఉమ్మి, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

“నన్నేరా కోటేషూ!”